సందేహం వచ్చినవాళ్లు బల్లకు దూరంగా ఉండాలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. గుంటూరు దగ్గర ఒక పల్లె సంఘంలో ఆరేళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను. నాన్న సంఘ పెద్ద. అమ్మకు కాన్సర్ అని తెలిసిన ఏడాది, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఆమెకు వచ్చిన వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి చీటీలా తీసుకునే బైబిలు వచనం) మీద "నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను" అని ఉంది. దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకున్నాం. సంఘమంతా 21 రోజులు ఉపవాస ప్రార్థన చేశారు. ఆగస్టులో అమ్మ వెళ్లిపోయింది. ఆదరణ కూడికలో ఒక పెద్దాయన "ఇంట్లో ఎవరికో విశ్వాసం తగ్గింది" అన్నారు. ఆ ఎవరో నేనే అనిపిస్తోంది. మోకరిస్తే మాట రావడం లేదు. ఈమధ్య ఒక వీడియోలో మార్కు సువార్త చివరి 12 వచనాలు పాత ప్రతుల్లో లేవని విన్నాక, ఇంకా ఏమేం లేవోనని భయం పట్టుకుంది. "సందేహించువాడు సముద్ర తరంగమును పోలియుండును" అన్న వాక్యం గుర్తొచ్చి రెండు నెలలుగా ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం లేదు, ఒంట్లో బాగాలేదని చెబుతున్నాను. మొన్న క్లాసులో ఎనిమిదేళ్ల బాబు "టీచర్, మేమందరం ప్రార్థన చేశాం కదా, దేవుడెందుకు వినలేదు?" అని అడిగాడు. నాకు నోరు పెగల్లేదు. సందేహం పాపమేనా? సండే స్కూల్ మానేయాలా? నాన్నకు చెప్పాలా?

సమాధానం: ముందు ఆదరణ కూడికలో విన్న మాట సంగతి చూద్దాం. మీ మిగతా ప్రశ్నలన్నీ దాని బరువు కిందే నలుగుతున్నాయి.

మీకు విశ్వాసం తగ్గినందువల్ల అమ్మ చనిపోలేదు. ఓదార్పు కోసం ఈ మాట అనడం లేదు, అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తెరిచి చూడండి. రెండో వచనంలో హేరోదు రాజు అపొస్తలుడైన యాకోబును కత్తితో చంపించాడు. తర్వాత పేతురును చెరసాలలో వేయించాడు. సంఘం "అత్యాసక్తితో" ప్రార్థన చేసింది. దూత వచ్చి విడిపిస్తే పేతురు నేరుగా ఆ ప్రార్థన జరుగుతున్న ఇంటికే వచ్చి తలుపు తట్టాడు. రొదే అనే చిన్నది పరుగెత్తుకెళ్లి పేతురు వచ్చాడని చెబితే, లోపల అతని కోసమే ప్రార్థన చేస్తున్నవాళ్లు "నీవు పిచ్చిదానవు" అన్నారు. అడుగుతున్నది జరిగి గుమ్మం ముందు నిలబడినా వాళ్లకు నమ్మబుద్ధి కాలేదు. అయినా పేతురు బతికాడు, యాకోబు చనిపోయాడు. ఇద్దరూ ఒకే అధ్యాయంలో, ఒకే సంఘంలో ఉన్నవాళ్లే. యాకోబు విషయంలో ఎవరికో విశ్వాసం తగ్గిందని ఆ పుస్తకం రాసిన లూకా ఒక్క ముక్క కూడా రాయలేదు. పౌలు తన శరీరంలో ముల్లులా గుచ్చుతున్న బాధను తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. రోగియైన తన సహచరుడు త్రోఫిమును మిలేతులో విడిచి వచ్చానని ఆయనే రెండో తిమోతిలో రాశాడు.

ఇక్కడ కొందరు నజరేతును తెస్తారు. అక్కడివారి అవిశ్వాసం వల్ల యేసు అద్భుతాలు చేయలేదు కదా అంటారు. మార్కు 6 నెమ్మదిగా చదవండి. నజరేతువాళ్లు అడిగి, కన్నీళ్లు పెట్టుకుని, లోపల కొంచెం తడబడినవాళ్లు కారు. "ఇతడు వడ్లవాడు కాడా" అని ఆయన్ను తోసిపుచ్చినవాళ్లు. అక్కడ కూడా ఆయన కొద్దిమంది రోగుల మీద చేతులుంచి స్వస్థపరిచాడు. 21 రోజులు పస్తుండి ప్రార్థించిన ఇంటిని ఆ ఊరితో పోల్చడం అన్యాయం. ఆ పెద్దాయన కావాలని గాయపరచి ఉండకపోవచ్చు. చావు ఇంట్లో మౌనంగా కూర్చోవడం చేతకాక చాలామంది ఏదో ఒక కారణం వెతుకుతారు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే వచ్చింది చిక్కంతా. చివరికి దేవుడు ఎవరిని తప్పుపట్టాడో 42వ అధ్యాయం ఏడో వచనంలో ఉంది: ఎదురు ప్రశ్నలు వేసిన యోబును కాదు, దేవుడి తరఫున కారణాలు చెప్పిన స్నేహితులను.

ఫ్రిజ్ మీది కార్డు విషయంలో దాచకుండా మాట్లాడాలి. అది కీర్తన 118లోని 17వ వచనం. శత్రువులు చుట్టుముట్టగా బయటపడిన ఒక మనిషి దేవాలయపు గుమ్మంలో నిలబడి పాడుతున్న కృతజ్ఞత అది. దేవుడు ఫలానా రోగికి ఇన్నేళ్లు ఇస్తానని చెప్పిన మాట కాదు. తేడా కావాలంటే యెషయా 38 చూడండి. హిజ్కియా రాజుకు 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానన్న మాట ప్రవక్త చేత, అతని పేరున, అతని ప్రార్థనకు జవాబుగా వచ్చింది. పళ్లెంలో కలిపి పెట్టిన కార్డుల్లోంచి చేతికొచ్చిన వచనానికి ఆ హోదా లేదు. కొత్త సంవత్సరం కార్డు మంచి అలవాటే. ఆ ఏడాదంతా ఒక వాక్యాన్ని పట్టుకుని ధ్యానించడానికి పనికొస్తుంది. దాన్ని జాతకం చదివినట్టు చదవడం దగ్గరే తప్పు జరుగుతోంది, ఆ తప్పును సంఘాలు సరిదిద్దడం లేదు. కాబట్టి "దేవుడు మాట తప్పాడా?" అని మీ మనసులో ఉండే ప్రశ్నకు మా జవాబు ఇది: ఆ మాట ఆయన అమ్మకు ఆయుష్షు లెక్కగా ఇవ్వలేదు. అమ్మ ఆ ఏడెనిమిది నెలలు దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుని ఉంటే అది దండగ కాదు. ఆ కార్డును చింపొద్దు. ఫ్రిజ్ మీంచి తీసి ఆమె బైబిల్లో 118వ కీర్తన దగ్గర పెట్టుకోండి. ఎప్పుడైనా ఆ కీర్తన మొదటి వచనం నుంచి చివరి వచనం దాకా చదవండి.

ఇక యాకోబు పత్రిక (ఇది వేరే యాకోబు రాసింది). "సందేహించువాడు" అన్న ఆరో వచనం ఒక్కటే మీ తలలో తిరుగుతోంది. దాని ముందు వచనంలో జ్ఞానం కొదువగా ఉన్నవాడు దేవుణ్ణి అడగాలనీ, ఆయన "ఎవనినైనను గద్దింపక" ఇచ్చేవాడనీ ఉంది. తెలియనివాణ్ణి అడగమని ఐదో వచనంలో పిలిచి, అడిగినందుకే ఆరో వచనంలో తిడతాడా? ఎనిమిదో వచనంలో అతను ఎవరి గురించి మాట్లాడుతున్నాడో తేలుతుంది: "ద్విమనస్కుడు". ఒక కాలు దేవుడి వైపు, ఒక కాలు లోకం వైపు పెట్టి, ఏది లాభమో చూసుకునే మనిషి. నాలుగో అధ్యాయంలో అదే మాట మళ్లీ వాడి, అక్కడ లోకస్నేహం గురించి గద్దిస్తాడు. నమ్మాలని ఆరాటపడుతూ నమ్మలేకపోతున్న మనిషి ఆ వర్ణనలో ఇమడదు.

అలాంటి మనిషికి సువార్తల్లో వేరే చోటు ఉంది. మార్కు 9లో జబ్బు పిల్లవాడి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. సగం నమ్మకం, సగం అపనమ్మకం, రెండూ ఒకే ఊపిరిలో. యేసు అతన్ని మిగతా సగం తెచ్చుకుని రమ్మని వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ణి లేవనెత్తాడు. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకని కొరకు కనిపెట్టవలెనా?" అని మనుషుల్ని పంపి అడిగించాడు. యొర్దాను ఒడ్డున వేలమంది ముందు సాక్ష్యమిచ్చినవాడికి చీకటి గదిలో ఆ ప్రశ్న వచ్చింది. యేసు మీరు చూసినవి, విన్నవి వెళ్లి చెప్పండి అన్నాడు. వాళ్లు వెళ్లాక జనం ముందు యోహానును పొగిడాడు. మత్తయి 28:17లో పునరుత్థానుడైన ప్రభువు ఎదురుగా నిలబడి ఉండగానే "మ్రొక్కిరి గాని కొందరు సందేహించిరి". తర్వాతి వచనాల్లో సమస్త జనులను శిష్యులనుగా చేయమన్న ఆజ్ఞ ఆ కొందరితో సహా పదకొండుమందికీ వచ్చింది. సందేహించినవాళ్లను ఒక పక్కకు నిలబెట్టలేదు.

తోమాను అందరూ తలుచుకుంటారు గానీ, అతని కథలో ఎక్కువమంది దాటేసే భాగం ఆ మధ్యలోని వారం. యేసు తిరిగి లేచాడంటే "నమ్మనే నమ్మను" అని గట్టిగా అన్నవాడు ఎనిమిది రోజుల తర్వాత ఎక్కడున్నాడు? ఆ శిష్యులతోనే, ఆ గదిలోనే. అతను అలిగి వెళ్లలేదు, వాళ్లు వెళ్లగొట్టలేదు. మనసులో లేనిది ఉన్నట్టు పాడలేదు కూడా. సందేహం ఉన్నవాళ్లు చేయగలిగిన పని ఇంతకంటే స్పష్టంగా ఎక్కడా కనబడదు. అయితే యేసు తోమాతో "అవిశ్వాసివి కాక విశ్వాసివై యుండుము" అని కూడా అన్నాడు. సందేహం గొప్ప సుగుణమనీ, దానిలోనే కాపురం ఉండమనీ వాక్యం చెప్పదు. అది దారి మధ్యలో ఒక చోటు.

నిజాయితీ గల సందేహానికి గుర్తు ఒకటుంది. దానికి జవాబు కావాలి. సాకు వెతుకుతున్న సందేహానికి జవాబు దొరికితే కష్టం, అందుకని వెంటనే ఇంకో ప్రశ్నకు దూకుతుంది. మీరు రెండు నెలలుగా బాధపడుతున్నారంటేనే మీది మొదటి రకమని అర్థమవుతోంది.

బల్ల సంగతి. ఒకటో కొరింథీ 11లో "అయోగ్యముగా" అన్న మాట చూసి చాలామంది మంచి విశ్వాసులు వెనక్కి జరుగుతారు. పౌలు గద్దిస్తున్నది ఎవరినో 21, 22 వచనాల్లో ఉంది. ఉన్నవాళ్లు ముందే తిని తాగి మత్తెక్కి, లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టి సిగ్గుపరుస్తున్నారు. 28వ వచనంలో "తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అని ఉంది. పరీక్షించుకుని మానమని లేదు, పరీక్షించుకుని తినమని ఉంది. మీరు పరీక్షించుకోవలసింది ఏదైనా ఉంటే అది ఒంట్లో బాగాలేదన్న అబద్ధం. సందేహం కంటే మిమ్మల్ని ఎక్కువగా లోపల్నుంచి తినేస్తున్నది అదే. వచ్చే బల్ల ఆదివారం వెళ్లండి. రొట్టె చేతిలోకి తీసుకున్నప్పుడు మార్కు 9లోని ఆ తండ్రి అన్న మాటే లోపల అనుకోండి. అంతకు మించి ఏ భావమూ రాకపోయినా తీసుకోండి. భావం వచ్చేదాకా ఆగడం మొదలుపెడితే ఆరు నెలలు, ఏడాది గడిచిపోతాయి, తర్వాత తిరిగి రావడానికి సిగ్గు అడ్డొస్తుంది.

మార్కు చివరి వచనాల సంగతి. వీడియోలో విన్నది నిజమే. నాలుగో శతాబ్దపు చేతిరాత గ్రీకు బైబిళ్లు సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి రెండింటిలోనూ మార్కు సువార్త 16:8తో ముగుస్తుంది. అయితే 9 నుంచి 20 వరకు ఉన్న భాగం కూడా చాలా పాతదే. రెండో శతాబ్దం చివర్లో సంఘ నాయకుడు ఐరేనియస్ అందులోని 19వ వచనాన్ని ఉదహరించాడు. ఆ భాగం మార్కు స్వయంగా రాసింది కాదని ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఈ సంగతి నాలుగు, ఐదో శతాబ్దాల్లోనే సంఘ చరిత్రకారుడు యూసేబియస్, బైబిల్ అనువాదకుడు జెరోమ్ బహిరంగంగా రాశారు, ఎవరూ దాచలేదు. "ఇంకా ఏమేం లేవో" అన్న మీ భయానికి లెక్క చెప్పవచ్చు: కొత్త నిబంధనలో ఇంత పొడవైన చోట్లు రెండే. ఇదొకటి, యోహాను 7:53 నుంచి 8:11 వరకు ఉన్న భాగం ఇంకొకటి. చెరొక 12 వచనాలు. చేతిరాత గ్రీకు ప్రతులు ఐదు వేలకు పైగా ఉన్నాయి కాబట్టి వాటి మధ్య తేడాలు కూడా లక్షల్లో ఉంటాయి. వాటిలో అత్యధికం అక్షర దోషాలు, మాటల వరుస మారడం, ఒక పదం ఎక్కువో తక్కువో కావడం. పునరుత్థానం ఆ 12 వచనాల మీద నిలబడి లేదు. "ఆయన లేచియున్నాడు, ఇక్కడ లేడు" అన్నది ఆరో వచనం, అది ఆ రెండు పాత ప్రతుల్లోనూ ఉంది. మార్కు కంటే ముందే, సుమారు క్రీ.శ. 55లో, పౌలు ఒకటో కొరింథీ 15లో ఎవరెవరికి ప్రభువు కనబడ్డాడో పేర్లతో రాశాడు.

ఇకమీదట ఇలాంటివి ఎదురైనప్పుడు చేయడానికి ఒక పద్ధతి చెబుతాం. వంద పేజీల నోటుబుక్ ఒకటి కొనండి. పేజీకి ఒక్క ప్రశ్న రాయండి, పైన తేదీ వేయండి. ప్రశ్న కింద "ఎలాంటి జవాబు దొరికితే ఒప్పుకుంటాను?" అని రాసి నింపండి. ఇది కష్టమైన పని, కానీ ఇక్కడే సగం పొగమంచు విడిపోతుంది. తర్వాత ఆ ప్రశ్న తెలియక వచ్చిందా, గాయం నుంచి వచ్చిందా అని ఆలోచించి పక్కన గుర్తు పెట్టుకోండి. మార్కు ప్రశ్న తెలియక వచ్చింది, దానికి పుస్తకాలున్నాయి. "దేవుడెందుకు వినలేదు?" అన్నది గాయం. రెంటినీ కలిపేస్తేనే చెడుతుంది. సమాచారం అడిగినవాళ్లకు "ఇంకా ప్రార్థన చెయ్యి" అంటారు, వాళ్లకు చిరాకు పెరుగుతుంది. గాయంతో వచ్చినవాళ్లకు పది వచనాలు అప్పజెప్పి వాదిస్తారు, వాళ్ల గాయం ముదురుతుంది. మీ పుస్తకంలో ఒక పేజీ నెలల తరబడి ఖాళీగా ఉండిపోయినా కంగారుపడకండి. వీడియోలు మాత్రం రాత్రి పడుకునేముందు వద్దు, వ్యతిరేకంగా మాట్లాడేవీ వద్దు, వాళ్లను ఖండించేవీ వద్దు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి తోసుకొస్తూనే ఉంటాయి, పగలు పుస్తకంలో రాసుకున్న ప్రశ్న ఏమిటో మరిచిపోయేలా చేస్తాయి.

ప్రార్థనకు మాట రావడం లేదన్నారు. సొంత మాటలు వెతకడం కొన్నాళ్లు ఆపేయండి. రోజుకు పదిహేను నిమిషాలు, ఒక్క కీర్తన, పైకి వినిపించేలా చదవండి. 13, 22, 42, 73, 88 ఈ ఐదూ తిప్పి తిప్పి చదవండి. 13 "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. 73లో ఆ కీర్తన రాసిన ఆసాపు తన పాదాలు జారడానికి "కొంచెమే తప్పెను" అంటాడు. 88 అయితే చివరి మాట దాకా వెలుగు లేదు: "చీకటియే నాకు బంధువర్గమాయెను." అక్కడితో ఆగిపోయే కీర్తనను కూడా దేవుడి ప్రజలు ఆరాధనలో పాడుకునే పాటల్లో ఉంచారు. ఆ కీర్తన చదివి ఆమేన్ అనకుండా లేచినా అది ప్రార్థనే, ఎందుకంటే ప్రతి ఫిర్యాదూ ఆయన ముఖం మీదే చెప్పినది.

ఎవరికి చెప్పాలి? అందరికీ వద్దు, ఒక్కరికి చెప్పండి. ఆ ఒక్కరిని ఎంచుకోవడానికి చిన్న పరీక్ష పెట్టవచ్చు. యేసును అప్పగించిన ఇస్కరియోతు యూదా ఎలా చనిపోయాడో మత్తయి 27:5లో ఒకలా, అపొస్తలుల కార్యములు 1:18లో ఇంకోలా ఉంది కదా, ఎందుకని అడగండి. "చూసి చెబుతానమ్మా" అన్నవాళ్లు పనికొస్తారు. కూర్చుని వివరించినా మంచిదే. "అలాంటివి అడక్కూడదు" అన్నవాళ్లకు వందనాలు చెప్పి వచ్చేయండి, మీ అసలు ప్రశ్న వాళ్ల దగ్గర విప్పొద్దు. సందేహపడేవారి మీద కనికరం చూపమని యూదా పత్రిక 22వ వచనం సంఘానికి ఆజ్ఞ ఇస్తోంది, అది మీ ఊరి సంఘానికి కూడా వర్తిస్తుంది.

నాన్నకు చెప్పండి, కానీ సంఘ పెద్దకు చెబుతున్నట్టు చెప్పకండి. ఆదివారం వద్దు, కూడిక ఉన్న రోజు వద్దు. మామూలు రోజు రాత్రి భోజనాలయ్యాక, సిద్ధాంతం జోలికి పోకుండా అమ్మ దగ్గర మొదలుపెట్టండి: "నాన్నా, అమ్మ పోయినప్పటి నుంచి నాకు ప్రార్థన రావడం లేదు. నీకు వస్తోందా?" ఆయనను కూడా ఈ మాట ఎవరూ అడిగి ఉండరు. భార్య పోయిన మనిషి, సంఘం ముందు గట్టిగా నిలబడాల్సిన మనిషి. మొదట కోప్పడినా, "నలుగురికి తెలిస్తే?" అన్నా వాదించకండి. రెండు మూడు రోజులు వదిలేసి అమ్మ గురించే మళ్లీ మాట కలపండి.

ఒక ముఖ్యమైన విషయం. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఉంటే డాక్టరును కలవండి. దుఃఖం కుంగుబాటుగా ముదిరితే దాన్ని విశ్వాసం లోపమని పొరబడడం మన దగ్గర చాలా ఎక్కువ. ఆ స్థితిలో ఇంకో ఉపవాసం పెట్టుకోవద్దు, ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు పంపింది రొట్టె, నీళ్లు, నిద్ర. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆలస్యం చేయకుండా 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు అది, రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్నలు పెట్టుకుని సేవ చేయవచ్చా అన్న అనుమానానికి మన దేశంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. సంఘ సంస్కర్త పండిత రమాబాయి 1883లో ఇంగ్లండులోని వాంటేజ్‌లో బాప్తిస్మం తీసుకుంది. తీసుకున్నాక కూడా త్రిత్వం మొదలైన సిద్ధాంతాల మీద అక్కడి సిస్టర్ జెరాల్డిన్‌తో ఉత్తరాల్లో గట్టిగా వాదించింది. అర్థం కానిదాన్ని అర్థమైందని రాయలేదు. ఆమే తర్వాత పుణె దగ్గర కేడ్‌గావ్‌లో నిరాశ్రయ స్త్రీల కోసం ముక్తి మిషన్ నడిపింది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్ మొత్తాన్ని మరాఠీలోకి అనువదించింది.

కాబట్టి సండే స్కూల్ మానేయకండి. క్లాసులో ఏడుపు ఆగడం లేదనుకుంటే ఒక నెల పాఠం ఇంకో టీచరుకు ఇచ్చి, మీరు హాజరు, పాటలు, బొమ్మలు చూసుకోండి. పాఠం చెప్పగలిగితే, ప్రస్తుతం మనస్ఫూర్తిగా చెప్పగలిగినవే ఎంచుకోండి: రూతు, మంచి కాపరి, తప్పిపోయిన కుమారుడు. స్వస్థతల పాఠాలు కొంచెం వెనక్కి జరపండి. మీ ప్రశ్నలన్నీ పిల్లల ముందు పరచడం మాత్రం సరికాదు. ఆసాపు కూడా కీర్తన 73:15లో ఆ విషయమే ఆలోచించి నోరు అదుపులో పెట్టుకున్నాడు.

కానీ ఆ బాబు ప్రశ్న వేరు. అది అతను అడిగింది, దాటేయకూడదు. "దేవుడికి అమ్మ అవసరమై తీసుకెళ్లాడు" అనొద్దు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆ రాత్రి వాళ్లమ్మను కూడా తీసుకెళ్తాడేమోనని భయపడతాడు. "మనం ఇంకా గట్టిగా చేయాల్సింది" అని కూడా అనొద్దు, ఆ తప్పు అతని భుజాల మీద పడుతుంది. వచ్చే ఆదివారం అతన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. "నువ్వడిగింది చాలా మంచి ప్రశ్న నాన్నా. నాకూ తెలియదు. నేను కూడా దేవుణ్ణి అదే అడుగుతున్నాను. మీరు మా అమ్మ కోసం ప్రార్థన చేస్తుంటే అమ్మకు చాలా సంతోషంగా ఉండేది" అనండి, ఆ చివరి మాట నిజమైతేనే. తర్వాత యోహాను 11:35 తీసి అతని చేతే చదివించండి. తెలుగులో మూడే మాటలు, ఎనిమిదేళ్లవాడు సులభంగా చదువుతాడు: "యేసు కన్నీళ్లు విడిచెను." ఎందుకు ఏడ్చాడని అతను అడిగితే, చనిపోయిన ఆయన స్నేహితుడు లాజరు ఎవరో చెప్పండి.